జేజి చెప్పిన దారి, మా ఎక్సెల్ షీటు

తిరుపతిలో చదివేవాళ్లకు కొండ అంటే ఒకటే కొండ. "కొండకు పోయొస్తా" అంటే ఏ కొండ అని ఎవరూ అడగరు. హాస్టల్ డాబా మీద బట్టలు ఆరేస్తున్నా, ల్యాబ్ కిటికీలోంచి చూసినా ఎదురుగా అదే. అయినా నాలుగేళ్లలో మనం చూసిన కొండ ఎంత? అలిపిరి మెట్లు, గాలిగోపురం దగ్గర బజ్జీలు, క్యూలో నిద్ర, లడ్డూ, కిందికి బస్సు. ఆ మెట్లకు అటూ ఇటూ ఉన్న అడవి సంగతి మాలో ఎవరికీ పట్టలేదు. 1989లో నేషనల్ పార్క్ అయ్యిందని, 2010లో 4,755 చదరపు కిలోమీటర్లతో శేషాచలం బయోస్ఫియర్ రిజర్వుగా ప్రకటించారని పరీక్షల కోసం చదువుకున్నాం, అంతే.

ఫైనల్ ఇయర్ వచ్చేసరికి అందరికీ పట్టే పిచ్చే మాకూ పట్టింది. విడిపోయేలోపు ఒక పెద్ద ట్రెక్కు చేయాల. ఒకడు కుద్రేముఖ్ అన్నాడు, ఇంకొకడు హిమాలయాల వీడియోలు పంపినాడు. రైలు, బూట్లు, అద్దె టెంటు అన్నీ కలిపి లెక్కేస్తే గ్రూపులో రెండు రోజులు ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు మా కోడూరోడు ఒక వాయిస్ మెసేజ్ పెట్టినాడు. "రేయ్, మా జేజి మూడు దినాలు అడవిలో నడిచి కొండకు పోయేది. బూట్లు లేవు, టెంటు లేదు. మనం ఆ దారిలో పోదాం."

మేము అయిదుగురం. కోడూరోడు, పీలేరోడు, మదనపల్లెవాడు, సివిల్ బ్రాంచి అమ్మాయి, నేను. షీటు పట్టుకునే పని నాకు పడింది.

జేజి చెప్పే దారిని చాలామంది అన్నమయ్య దారి అంటారు. రాజంపేట, కోడూరు వైపు నుంచి వచ్చి, కుక్కలదొడ్డి దగ్గర అడవిలోకి దిగి, తిరుమలలో పార్వేట మండపం దగ్గర తేలే దారి. దీని మీద మాలో పెద్ద వాదనే జరిగింది. చిన్నన్న రాసిన అన్నమాచార్య చరిత్రలో పిల్లవాడైన అన్నమయ్య ఎక్కింది అలిపిరి వైపు నుంచి, అలసిపోయి పడుకున్నది మోకాళ్ల పర్వతం దగ్గర అని మన క్లబ్బు మెంబరు కూడా అయిన సివిల్ అమ్మాయి చెప్పింది. కోడూరోడు ఒప్పుకోలేదు. "ఆయన ఒక్కసారే పోయినాడా కొండకు? తాళ్లపాక నుంచి మా ఊరి మీదుగానే గదా పోవాల!" అన్నాడు. ఆ వాదన ఇంకా తేలలేదు.

ముందు లెక్కలతో మొదలుపెట్టినాం. 1892లో నెయిస్మిత్ అనే స్కాట్లాండు ఆయన ఒక సూత్రం చెప్పినాడు. ప్రతి 5 కిలోమీటర్ల నడకకు ఒక గంట, ప్రతి 600 మీటర్ల ఎత్తుకు ఇంకో గంట. దీన్ని తెలిసిన దారి మీద పరీక్షించినాం. అలిపిరి దారి సుమారు 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు, ఎక్కే ఎత్తు దాదాపు 700 మీటర్లు. సూత్రం ప్రకారం మూడు గంటలు. మనలో చాలామందికి పట్టేది కూడా అంతే, బజ్జీల టైము కలపకుండా. శ్రీవారి మెట్టు 2.1 కిలోమీటర్లు, 2,388 మెట్లు. మెట్టుకు 20 సెంటీమీటర్లు అనుకుంటే 480 మీటర్ల ఎత్తు, గంటా పావు. ఇదీ సరిపోయింది. మాకు ధైర్యం వచ్చింది. కానీ సివిల్ అమ్మాయి ఒక మాట అనింది. "ఈ సూత్రం దారి ఉందని అనుకుని రాసింది. దారే లేని చోట మనం అయిదు మీటర్లకు ఒకసారి ఆగి, ఎటు పోవాలో చూసుకుంటాం."

తర్వాత నీళ్లు. మనిషికి రోజుకు 4 లీటర్లు. మూడు రోజులకు 12 లీటర్లు, అంటే 12 కిలోలు. అరవై కిలోల మనిషి తన బరువులో అయిదో వంతు నీళ్లే మోయాల. తిండి, దుప్పటి, తాడు ఇంకా కలపలేదు. కాబట్టి దారిలో నీళ్లు ఎక్కడున్నాయో తెలియకుండా ఈ ప్లాను నిలబడదు. ఆ సంగతి మ్యాపులో లేదు. శాటిలైట్ బొమ్మలో పచ్చగా కనిపించేది మడుగో, చెట్లో తెలీదు. తెలిసిన మనిషి ఒక్క జేజే.

ఆదివారం స్పీకర్లో ఫోన్ చేసినాం. "ఏం నాయనా, అందరూ తిన్నారా?" అని మొదలుపెట్టి, పది నిమిషాలు మా ఊళ్లు, మా అమ్మానాయనల గురించి అడిగి, అప్పుడు దారిలోకి వచ్చింది. నేను కిలోమీటర్లు అడిగితే ఆమె "రెండు పిలుపుల దూరం" అనింది. ఎంతసేపు అంటే "ఆకూ వక్కా నమిలేంత సేపు". ఎటు తిరగాలంటే "పొద్దు ఎడమ చెంపకు కొడతా వుంటే పోతానే వుండాల". సంకురాత్రి అయినాక ఊళ్లో ఇరవై ముప్పై మంది కలిసి బయలుదేరేవాళ్లంట. సద్దిమూటలో సంగటి, ఊరిబిండి, బొరుగులు. రాత్రికి పెద్ద బండ మీద చుట్టూ మంటేసుకుని, మధ్యలో ఆడోళ్లు, పిల్లలు. గోవింద కొట్టేది భక్తికే కాదు, వెనకబడినోళ్లకు దారి తెలియడానికి, ఎలుగుబంట్లు పక్కకు తప్పుకోవడానికి కూడా.

"నీళ్లు యాడ జేజీ?" అని అడిగినాడు వాడు. "రెండు మడుగులుండేవి నాయనా. ఒకటి ఎండినా ఇంకోటి వుండేది. దాని పేరు... నిన్నటిదాకా గెవనం వుండె." ఫోన్లో అటు పక్క చాలాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత ఆమె మళ్లీ మొదటి నుంచి, ఊరి దాటే కాడి నుంచి చెప్పడం మొదలుపెట్టింది. అక్కడిదాకా వచ్చి మళ్లీ ఆగిపోయింది. కోడూరోడు ఫోన్ పెట్టేసి "ఈమధ్య ఇట్లనే అవతాంది" అన్నాడు. మాకు ఇది ట్రెక్కు ప్లాను. వాడికి మాత్రం ఆమె మర్చిపోయేలోపు చేయాల్సిన పని అని మాకు ఆ రోజే అర్థమయ్యింది.

పర్మిషన్ కోసం ఫారెస్టు ఆఫీసుకు పోయినాం. అక్కడ ఒక ఆఫీసరు మా షీటు మొత్తం ఓపిగ్గా చూసి, రాత్రి బస మాత్రం కుదరదని చెప్పినాడు. కారణాలు మాకూ తెలియనివి కావు. 2023 ఆగస్టులో అలిపిరి మెట్ల దారిలోనే, అన్ని లైట్లు, అంత జనం ఉన్న చోట, చిరుత ఆరేళ్ల పాపను చంపింది. 2025 ఫిబ్రవరిలో శివరాత్రికి ముందు, ఓబులవారిపల్లె మండలం వై.కోట అడవిలో తలకోనకు నడిచి పోతున్న భక్తుల మీద ఏనుగులు పడి ముగ్గురు చనిపోయినారు. వాళ్లు ట్రెక్కర్లు కాదు. ఆ అడవి పక్కన పుట్టిన ఊరోళ్లు. వాళ్లకు తెలియని అడవి మాకు షీటుతో తెలుస్తుందా?

ఇంకో కారణం ఎర్రచందనం. ఆ చెట్టు సహజంగా పెరిగేది మన కడప, చిత్తూరు, ఆ చుట్టుపక్కల కొండల్లోనే. దాని కోసం అడవిలోకి కూలీలుగా వచ్చేవాళ్లున్నారు, వాళ్లను పంపి డబ్బు చేసుకునేవాళ్లున్నారు, పట్టుకోవడానికి టాస్క్‌ఫోర్సు ఉంది. 2015 ఏప్రిల్ 7న ఈ శేషాచలంలోనే కాల్పుల్లో తమిళనాడు నుంచి వచ్చిన 20 మంది కూలీలు చనిపోయినారు. రాత్రిపూట బ్యాగులేసుకుని, టార్చిలైటు పట్టుకుని నడిచే అయిదుగురు దూరం నుంచి ఎవరిలా కనిపిస్తారో మేం ఆలోచించుకోవాల్సి వచ్చింది.

అప్పుడే పీలేరోడికి తెలిసిన ఒకాయన, మనిషికి ఇంత అని ఇస్తే చెక్‌పోస్టు తగలకుండా తీసుకుపోయి రెండో రోజుకు పార్వేట మండపం దగ్గర వదులుతా అన్నాడు. నిజం చెప్పాలంటే ముగ్గురికి ఆశ పుట్టింది. కాదన్నది కోడూరోడు. ఆ దారి అందరికంటే ఎక్కువ కావాల్సినోడు. "ఫారెస్టు కేసంటే మీకు కత మామా. మా పక్క ఊళ్లల్లో ఒకసారి పేరెక్కితే ఏండ్లకేండ్లు కోర్టుకు తిరగతా వుంటారు. జాబ్‌లో చేరాల్సినోళ్లం. జేజి పోయింది దొంగతనంగా కాదు, గోవింద కొట్టుకుంటా పోయింది. నోరు మూసుకుని పోయేదానికి అది ఆ దారి ఎట్లవుతుంది?" దానికి మా దగ్గర జవాబు లేకపోయింది.

ప్లాను మాత్రం ఆగలేదు. మళ్లీ మొదలుపెట్టినప్పుడు మాకు దొరికింది పంచాంగం. తిరుమల తీర్థ ముక్కోటుల సంగతి మీకు తెలిసే ఉంటుంది. మకర మాసంలో పుష్యమి నక్షత్రంతో వచ్చే పౌర్ణమికి రామకృష్ణ తీర్థం, కుంభ మాసంలో మఖతో వచ్చే పౌర్ణమికి కుమారధార, మీన మాసంలో ఉత్తర ఫల్గుణితో వచ్చే పౌర్ణమికి తుంబురు తీర్థం. ఆ రోజుల్లో భక్తులను పాపవినాశనం దగ్గరి నుంచి అడవిలోకి వదులుతారు. టీటీడీ వాళ్లు తిండి, నీళ్లు, డాక్టర్లను పెడతారు. గుండె జబ్బు, ఆయాసం ఉన్నవాళ్లు రావద్దని ముందే చెప్తారు.

ఈ మూడు తేదీలను షీటులో పెట్టి చూస్తే నాకు భలే ముచ్చటేసింది. మన దగ్గర పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరు వానలకు శ్రీవారి మెట్టు దారే కొట్టుకుపోయి, బాగుచేసి తెరవడానికి 2022 మే వచ్చింది. జనవరికి వాన పోయి, వాగుల్లో నీళ్లు మిగిలి ఉంటాయి. ఏప్రిల్ దాటితే ఎండుటాకు, అగ్గి భయం. మధ్యలో ఉన్న ఈ మూడు నెలలే నడవడానికి సరైన కాలం. అందులోనూ పౌర్ణమి, అంటే తిరిగొచ్చేటప్పుడు చీకటి పడినా వెలుతురుంటుంది. వేల మంది ఒకేరోజు నడుస్తారు కాబట్టి జంతువులు దూరంగా ఉంటాయి. పుణ్యం లెక్క పెద్దలకు వదిలేస్తే, మేము నెల రోజులు కిందా మీదా పడి వేసిన రిస్క్ కాలమ్ మొత్తం ఆ తిథుల్లోనే ఉంది.

ఇప్పుడు మా ప్లాను ఇది. మొదటి రోజు భాకరాపేట మీదుగా తలకోన. 270 అడుగుల జలపాతం, సిద్ధేశ్వర స్వామి గుడి, చెట్ల మీద పాముల్లా అల్లుకున్న గిల్లతీగ. పర్మిషన్ ఉన్న దారుల్లోనే నడక, అక్కడి గెస్ట్‌హౌసులో బస. రెండో రోజు శ్రీనివాస మంగాపురం వచ్చి శ్రీవారి మెట్టు ఎక్కి, రాత్రికి తిరుమల. మూడో రోజు ముక్కోటి, తెల్లారే పాపవినాశనం చేరి తుంబురు తీర్థం. జారుడు బండలు, మోకాలి లోతు నీళ్లు ఉంటాయి కాబట్టి పట్టున్న చెప్పులు, ప్లాస్టిక్ కవర్లో ఫోన్లు. మనిషికి రెండు లీటర్ల నీళ్లు చాలు. మోకాళ్లు ఒప్పుకుంటే అలిపిరి మెట్ల మీద దిగడం, లేకుంటే బస్సు. హాస్టల్ అవుట్‌పాస్‌లో కారణం దగ్గర ట్రెక్కింగ్ అని రాస్తే వంద ప్రశ్నలు వస్తాయి, దైవ దర్శనం అని రాస్తే సంతకం వస్తుంది. మాది రెండూ నిజమే.

షీటులో రెండో ట్యాబు ఒకటుంది. దాని పేరు "జేజి". ప్రతి ఆదివారం ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాం. గుర్తు, చెట్టు, బండ, ఎవరు ఎక్కడ పడినారు, ఎవరి కాలికి ముల్లు దిగింది, అన్నీ. దూరం గడిలో "రెండు పిలుపులు" అనే రాసినాం, మీటర్లలోకి మార్చలేదు. ఇప్పటికి ముప్పై ఒక్క వరస అయినాయి. పందొమ్మిదో వరసలో మడుగు పేరు ఖాళీగా ఉంది.

మూడో రోజు ప్లానులో కోడూరోడు ఒక మార్పు చేసినాడు. వాళ్ల నాయన జేజిని బస్సులో తిరుమలకు తీసుకొస్తాడు. పాపవినాశనం పోయే రోడ్డులోనే పార్వేట మండపం ఉంది. ఆమె నడిచినన్నాళ్లూ అడవిలోంచి వచ్చి మొదట కూర్చునేది అక్కడేనంట. తుంబురు నుంచి తిరిగొచ్చినాక ఆమెను అక్కడికి తీసుకుపోయి, అడవి వైపు తిప్పి కూర్చోబెట్టి, వెనక నుంచి ముందుకు అడుగుతాం. మండపం ముందు ఏముండె జేజీ, దానికి ముందు? అట్ల అడిగితే పేరు గుర్తొస్తుందని వాడి నమ్మకం. దానికోసం షీటులో గంట టైము పెట్టినాం. సాయంత్రం నాలుగు నుంచి అయిదు.