ఒక్క గీత చెప్పిన నిజం

నా ఉద్యోగ విరమణకు కొన్నేళ్ళ ముందు జరిగిన సంగతి ఇది. తెలంగాణలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో ఆ రాత్రి నాకు డ్యూటీ. సుమారు యాభై ఏళ్ళ వ్యవసాయ కూలీని మగతలో ఉండగా తీసుకొచ్చారు. మాట ముద్దగా ఉంది, నిలబెడితే తూలుతున్నాడు. "దినాం కల్లు తాగుతడు సారు, వేరే అలవాట్లేం లేవు" అన్నది భార్య.

కల్లు వాసన అంతంతమాత్రమే, మత్తు మాత్రం అపారం. కల్లులో అల్ప్రాజోలామ్, డయజిపామ్, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు కలపడం మా ప్రాంతంలో కొత్త కాదు. అందుచేత మూత్రపరీక్ష పట్టీ తెప్పించాను. ఒకే గీత కనిపించింది. గర్భనిర్ధారణ పట్టీలకు అలవాటుపడిన కన్ను కదా, రెండు గీతలుంటేనే 'ఉన్నట్టు' అనుకున్నాను. కేసుషీటులో 'మత్తుమందు లేదు' అని రాసేశాను.

రెండు రోజులుగా కల్లు చుక్క దొరకని ఆ మనిషికి మూడో రోజున ఫిట్స్ వచ్చాయి. చేతులు వణుకుతుండగా, లేనివాళ్ళతో మాట్లాడసాగాడు. అప్పుడు పాత కాగితాలు చూసిన ల్యాబ్ టెక్నీషియన్ మెల్లగా అన్నాడు: "సార్, ఈ పట్టీలో గీత రాకపోతేనే మందు ఉన్నట్టు." డయజిపామ్ ఇచ్చి, మోతాదును క్రమంగా తగ్గిస్తూ అతన్ని దక్కించుకున్నాం. తప్పు పట్టీది కాదు, నాది.

గీత ఎందుకు రాదు? అల్ప్రాజోలామ్ అణుభారం సుమారు 309. అంత చిన్న అణువును మన రోగనిరోధక వ్యవస్థ శత్రువుగా గుర్తించదు. చిన్న రసాయనాన్ని పెద్ద ప్రోటీనుకు అతికిస్తే దానిపై కూడా ప్రతిరక్షకాలు పుడతాయని కార్ల్ లాండ్‌స్టైనర్ నిరూపించాడు. మందును ఆవు రక్తంలోని ఆల్బుమిన్‌కు జతచేసి కుందేలుకో గొర్రెకో ఎక్కిస్తే, దాని శరీరం ఆ మందును పట్టుకోగల ప్రతిరక్షకాలను తయారుచేస్తుంది. రోజలిన్ యాలో, సోలమన్ బెర్సన్ ఇన్సులిన్ కొలవడానికి రూపొందించిన పద్ధతి ఆధారంగా, 1971లో స్పెక్టర్, ఫ్లిన్ అనే శాస్త్రవేత్తలు బార్బిట్యురేట్ నిద్రమందులను ఇలాగే పసిగట్టారు. 1975లో కోలర్, మిల్‌స్టైన్ ఒకే రకం ప్రతిరక్షకాలను ఎంత కావాలంటే అంత తయారుచేసే మార్గం చూపారు.

పట్టీలో గీత పడవలసిన చోట మందును ముందే అంటించి ఉంచుతారు. రంగు పూసిన ప్రతిరక్షకాలు మూత్రంతో పాటు అక్కడికి పాకుతాయి. మూత్రంలో మందు లేకపోతే అవి అక్కడ అతుక్కుని గీత గీస్తాయి. మందు ఉంటే దారిలోనే దానితో నిండిపోయి, ఆగకుండా సాగిపోతాయి. అందుకే ఆ గీత పడదు. మిగిలే ఒక్క గీత పట్టీ పనిచేసిందని చెప్పేది మాత్రమే.

ఈ పరీక్షకు పరిమితులున్నాయి. ప్రతిరక్షకం తనకు నేర్పిన ఆకారాన్నే బాగా పట్టుకుంటుంది. చాలా పట్టీలు ఆక్సజిపామ్ ఆకారానికి అనుగుణంగా తయారైనవి కనుక లోరజిపామ్, క్లోనజిపామ్ ఒక్కోసారి తప్పించుకుంటాయి. క్లోరల్ హైడ్రేట్ ఆ కుటుంబానికే చెందదు. అది ఈ పట్టీకి దొరకదు. 'ఉంది' అని తేలినా ఏ మందో, ఎంతో తెలియదు. వైద్యుడు రాసిచ్చిన నిద్రమాత్ర కూడా అలాగే కనిపిస్తుంది. కచ్చితమైన నిర్ధారణకు మాస్ స్పెక్ట్రోమెట్రీ వంటి పరీక్ష తప్పదు.

పాఠకులకు నా మనవి రెండే. మీ ఇంట్లో ఎవరైనా కల్తీకల్లుకో, నిద్రమాత్రలకో అలవాటుపడి ఉంటే ఆ సంగతిని వైద్యుని దగ్గర దాచకండి. ఒక్కసారిగా మాన్పించకండి, ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. వైద్యుని పర్యవేక్షణలో మెల్లగా తగ్గించాలి.

ఆ రాత్రి ఆ ఇల్లాలు నిజమే చెప్పింది. ఆమె మాటకు విలువిచ్చి ఉంటే, పట్టీని మరోసారి చూసేవాణ్ణి.