ఎలగందుల కోటలో ఒక పూట

సంక్రాంతి వెళ్ళిన మూడవనాడు మేము ముగ్గురు తోడికోడండ్రము పిల్లలను వెంటబెట్టుకొని ఎలగందుల కోటను చూడబోయితిమి. కరీంనగరమునుండి సిరిసిల్ల పోవు బాటలో నది యెంతో దూరము లేదు.

కోటచుట్టును కందకము. పూర్వమందు మొసళ్ళను విడిచియుండిరని చెప్పుదురు. మాకు కనబడినవి తుమ్మపొదలును, మేకలును. కాకతీయుల నాటినుండి అసఫ్‌జాహీల వఱకు నైదు వంశములవారి సేనలీ కొండపై కాపురమున్నవి. 1754 లో జఫరుద్దౌలా కట్టించిన మినారులలో నొకటి కదలించినచో నూగునందురు. 1905 వఱకు ఈ జిల్లాకు ఎలగందుల జిల్లా యనియే పేరు. ఆ పేరును కరీంనగరము తీసికొన్నది. కోటను కోతులు తీసికొన్నవి.

ద్వారము దాటగానే బురుజుల మీదను, మెట్ల మీదను నవియే. పిల్లలను పొట్టకు కఱపించుకొన్న తల్లికోతు లెన్నియో! మా చిన్నామె చేతిలోని సకినాల మూట నొకటి లాగికొని పోయెను. మేము నవ్వి, మఱికొన్ని విసరితిమి. పిల్లతల్లులకు పెట్టిన పుణ్యమనియు ననుకొంటిమి.

మేకలు కాయుచున్న యొక ముసలామె యది చూచి దగ్గఱకు వచ్చినది.

"మీరు సంబురంగ పెట్టి పోతరు బిడ్డా! రుచి మరిగి అవి మా మక్కచేన్ల వడ్తయి. ఒక్క కంకి మిగుల్తలేదు."

మాకు తల వంగిపోయెను. "తప్పైనదవ్వా" యంటిమి. ఆమెయు కోడలును వంతులవారిగా తెల్లవాఱినది మొదలు చేనికి కావలి యుందురట. పల్లికాయ వేయుట మానుకొన్నారట. ఇంటిపై పెంకులు నిలువవు, వాకిట చిక్కుడుపాదు నిలువదు. అడవులు తఱిగిన కొలది కోతులూళ్ళపై బడుచున్నవి. 2020 లో నిర్మల దగ్గఱ చించోలియందు, కోతులకు శస్త్రము చేసి సంతానము కలుగకుండ జేయు కేంద్రమును ప్రభుత్వము తెఱచినది. మంచి పనియే; కాని యన్ని యూళ్ళ కోతులు నక్కడికి చేరుట యెన్నటికి? అంతవఱకు కావలి యా యత్తాకోడండ్రదే కదా!

పైకెక్కి నరసింహస్వామిని సేవించి, మానేరు నీటి విరివిని చూచి దిగితిమి. కోతులు మా వెంట నడచుచునే యుండెను. రెండవ మూట విప్పలేదు. పిల్లవాడాకలి యని యేడ్చినను, మోటారెక్కి తలుపులు వేసికొన్న తరువాతనే వానికి సకినము విఱిచి యిచ్చితిమి.