మంచు కింద పైక్, బురదలో కొర్రమీను

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల్లో చేపకు గడ్డుకాలం ఎండాకాలం. అమెరికా ఉత్తరాన ఉన్న మిన్నెసోటా రాష్ట్రంలో అది చలికాలం. ఒకచోట నీరు ఎండిపోయి, మరొకచోట నీరు గడ్డకట్టి, రెండుచోట్లా చేప బతికే జాగా కుంచించుకుపోతుంది. ఈ పోలికను పట్టుకుంటే, కుందూ నది ఒడ్డు నుంచి మినియాపొలిస్ పరిసరాలకు చేరిన తెలుగువారికి అక్కడి చలికాలపు చేపల వేట మరీ పరాయిదిగా తోచదు. చిన్ననాట ఎండుముఖం పట్టిన చెరువును చూసినవారికి, గడ్డకట్టిన సరస్సును అర్థం చేసుకోవడానికి కావలసిన జ్ఞానంలో సగం అప్పటికే ఉంటుంది.

నంద్యాల సీమ మెట్టప్రాంతమే అయినా నీటివనరులు లేనిది కాదు. పంతొమ్మిదో శతాబ్దంలో సుంకేసుల వద్ద తుంగభద్ర నుంచి తవ్విన కర్నూలు–కడప కాలువ, పెన్నలో కలిసే కుందూ నది, సుమారు 17 టీఎంసీల నీరు పట్టే వెలుగోడు జలాశయం, అక్కడి నుంచి దక్షిణంగా సాగే తెలుగుగంగ కాలువ, అవుకు, గోరుకల్లు జలాశయాలు, ఊరూరా ఉన్న చెరువులు కలిసి ఇక్కడి మంచినీటి చేపలకు ఆవాసం. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటి, చెరువులు అడుగంటి, మిగిలిన మడుగులు వేడెక్కినప్పుడు ఆ నీటిలో కరిగి ఉండే ప్రాణవాయువు తగ్గిపోతుంది, ఎందుకంటే నీరు ఎంత వేడెక్కితే అంత తక్కువ వాయువును తనలో నిలుపుకోగలదు. అప్పుడు బొచ్చె, రాగండి వంటివి ఉక్కిరిబిక్కిరై తేలుతుంటే, కొర్రమీను మాత్రం నీటిపైకి వచ్చి నోటితో గాలి పీల్చి నిలదొక్కుకుంటుంది. మొప్పలకు పైభాగాన గాలిని నిలిపి శ్వాసించే ప్రత్యేకమైన గది దాని తలలో ఉండడమే దీనికి కారణం. నీరు పూర్తిగా ఇంకినా తడిబురదలోకి దూరి కొంతకాలం ప్రాణం నిలుపుకోగల చేప అది. ఊత వేసి, అంటే అడుగు లేని వెదురుబుట్టను బురదనీటిలో గుచ్చి, పైకంతలోంచి చేయి పెట్టి చేపను పట్టే పద్ధతి ఇటువంటి లోతులేని నీటికే సరిపోతుంది.

మిన్నెసోటాలో జరిగేది దీనికి తలకిందులు. నీరు 4 డిగ్రీల సెల్సియస్ వద్ద అత్యంత సాంద్రంగా, అంటే అత్యంత బరువుగా ఉంటుంది కాబట్టి, అంతకన్నా చల్లబడిన నీరు పైన తేలి గడ్డకడుతుంది, 4 డిగ్రీల నీరు అడుగున నిలుస్తుంది; సరస్సు అడుగు దాకా గడ్డకట్టకుండా చేపలు బతికి ఉండడానికి ఈ ఒక్క ధర్మమే ఆధారం. అయితే గడ్డ మీద మంచు దట్టంగా కురిస్తే వెలుతురు లోపలికి పోదు, నీటిమొక్కలు ప్రాణవాయువును విడుదల చేయడం మానతాయి, కుళ్లే ఆకులు ఉన్న వాయువును కూడా వాడేస్తాయి. లోతులేని సరస్సుల్లో ఆ విధంగా ఊపిరాడక చేపలు గుంపులుగా చావడాన్ని అక్కడ వింటర్‌కిల్, అంటే శీతాకాలపు మృత్యువు అంటారు. ఇక్కడ చేపల మధ్య తేడా బయటపడుతుంది: వాల్‌ఐ అనే చేప త్వరగా నష్టపోతుంది, పైక్ అనేది చాలా తక్కువ ప్రాణవాయువుతోనూ గడుపుకొస్తుంది. గాలి పీల్చే అవయవం లేకపోయినా, కష్టకాలాన్ని ఓర్చుకోవడంలో పైక్‌ను ఆ సరస్సుల కొర్రమీను అనడం తప్పు కాదు. రెండూ మాంసాహారులే, రెండూ నాచులో కదలకుండా పొంచి ఉండి ఒక్క ఉదుటున ఎరను అందుకునేవే.

వాల్‌ఐ స్వభావం వేరు. దాని కంటి వెనుక, పిల్లికంటిలో ఉన్నటువంటి, వెలుతురును తిప్పికొట్టే పొర ఉండడం వల్ల మసక వెలుతురులో అది తన ఎర కంటె బాగా చూడగలదు. అందుచేత పొద్దు గుంకే వేళ, తెల్లవారుజామున అది గాలానికి ఎక్కువగా తగులుతుంది. 1965లో మిన్నెసోటా దీనిని తన రాష్ట్ర చేపగా ప్రకటించుకుంది. తెలంగాణ కొర్రమట్టను, అంటే కొర్రమీనును ఎంచుకున్నట్టే. వాల్‌ఐ కోసం ఐస్ ఆగర్ అనే పెద్ద బర్మాతో మంచుపలకకు రంధ్రం చేసి, చిన్న కర్రకు కట్టిన బరువైన గాలాన్ని అడుగుకు కాస్త పైన ఎగరేస్తూ, దించుతూ ఉంటారు. పైక్ కోసం టిప్-అప్ అనే పరికరాన్ని రంధ్రం మీద అమర్చి వదిలేస్తారు. చేప ఎరను లాగగానే చిన్న జెండా లేస్తుంది, బెండు మునగడాన్ని చూసే కన్ను ఇక్కడ జెండాను చూస్తుంది. పైక్ పళ్లు మామూలు దారాన్ని కోసేస్తాయి కాబట్టి గాలానికి పైన ఉక్కుతీగ వేయడం తప్పనిసరి.

చలి అనగానే నంద్యాల చేపలరైతుకు గుర్తొచ్చేది వేట కాదు, జబ్బు. వానలు వెనుకపట్టు పట్టి రాత్రులు చల్లబడే కాలంలో కొర్రమీను ఒంటిమీద ఎర్రమచ్చలు లేచి లోతైన పుండ్లుగా మారే వ్యాధి 1988లో భారతదేశంలోకి ప్రవేశించి తర్వాతి సంవత్సరాల్లో ఆంధ్ర ప్రాంతానికి కూడా పాకింది. దీనికి మూలం ఒక నీటిబూజు. నీరు చల్లబడినప్పుడు చేప రోగనిరోధక శక్తి మందగించడమే దానికి అవకాశం, అందుకే చలికాలానికి ముందు చెరువుకు సున్నం వేయడం ఆనవాయితీ అయింది. ఉష్ణమండలపు చేపకు నీరు 20 డిగ్రీలకు చేరువైతేనే ప్రమాదం మొదలవుతుండగా, పైక్ 4 డిగ్రీల నీటిలోనూ వేటాడుతూనే ఉంటుంది, నిజానికి పెద్ద పైక్‌ను క్రుంగదీసేది వేసవి వేడి.

చేపను తెలుసుకున్నంత మాత్రాన మంచు తెలిసినట్టు కాదు, ఈ విషయంలో ప్రవాసి ఎంత జాగ్రత్తపడినా ఎక్కువ కాదు. స్వచ్ఛమైన కొత్త మంచుపలక మీద నడవడానికి కనీసం 4 అంగుళాల మందం, చిన్న కారుకు 9 నుంచి 10 అంగుళాలు కావాలని ఆ రాష్ట్ర సహజవనరుల శాఖ చెబుతుంది. తెల్లగా, బుడగలతో ఉన్న మంచుకు ఈ కొలతలను రెట్టింపు చేసుకోవాలి. ప్రవాహం ఉన్నచోట పలక ఎప్పుడూ పలుచన. మంచు మీద వేసుకున్న గుడారంలో పొయ్యి వెలిగించి తలుపు బిగించుకుంటే వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది, గాలి ఆడే సందు వదలక తప్పదు.

ఇంటికి తెచ్చాక వాల్‌ఐతో పేచీ లేదు, ముల్లు తీసి వేయించుకోవచ్చు. పైక్‌లో రెండుగా చీలిన సన్నముళ్లు వరుసగా ఉండడం చూసి అక్కడివారిలో చాలామంది దానిని వదిలేస్తారు. వేళ్లతో ముల్లు ఏరుకు తినడం అలవాటైన రాయలసీమవారికి చింతపండు పులుసులో ఉడికిన పైక్ ముక్క, రాగిసంకటి పక్కన, ఏ మాత్రం తక్కువ కాదు. అయితే ఈ రెండు చేపల్లోనూ పాదరసం పేరుకుంటుంది కనుక గర్భిణులు, పిల్లలు నెలకు ఒకసారికి మించి తినవద్దని, మరీ పెద్ద చేపలను అసలే తినవద్దని అక్కడి ఆరోగ్య శాఖ హెచ్చరిస్తుంది.

అన్నిటికంటె ముఖ్యమైన పాఠం రెడ్ లేక్ అనే సరస్సుది. ఒజిబ్వే జాతివారి అధీనంలో అధికభాగం ఉన్న ఆ సరస్సులో, మితిమీరి పట్టడం వల్ల 1990ల్లో వాల్‌ఐ దాదాపు కనుమరుగైంది. 1999లో ఆ జాతి ప్రభుత్వం, రాష్ట్రం కలిసి ఒప్పందం చేసుకొని, వాల్‌ఐ పట్టడం పూర్తిగా నిలిపి, చేపపిల్లలను వదిలి కాపాడగా, 2006లో వేట మళ్లీ తెరుచుకుంది. రాష్ట్రంలోని మిగతా సరస్సుల్లో కూడా, మంచు కరిగే వేళ పైక్, ఆ వెనుకే వాల్‌ఐ గుడ్లు పెడతాయి గనుక, ఫిబ్రవరి చివర నుంచి మే నెల మధ్య వరకు వాటిని పట్టనివ్వరు.

ఈ పాఠం నంద్యాల సీమకూ వర్తిస్తుంది. కుందూలో, కాలువల్లో ఒకప్పుడు గాలానికి గర్వకారణమైన వాలుగ చేప ఇప్పుడు అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమితి జాబితాలో ప్రమాదానికి లోనైన జాతిగా ఉంది. తొలకరి వరదకు ఎదురీది గుడ్లు పెట్టడానికి వచ్చే ఈ చేపను సరిగ్గా ఆ వారాల్లోనే కాలువ మలుపుల్లో వలలు కట్టి పట్టడం, పైక్‌ను మంచు కరిగేనాడే పట్టడంతో సమానం. జలాశయాల్లో ఏటా బొచ్చె, రాగండి పిల్లలను వదలడం జీవనాధారానికి అవసరమే, కానీ వాలుగకు కావలసింది పిల్లలను వదలడం కంటె ముందు ఆ కొన్ని వారాల విరామం. చెరువులను, జలాశయాలను నమ్ముకున్న మత్స్యకార సహకార సంఘాలు తామే ఆ విరామాన్ని నిర్ణయించి, ఆ రోజులకు సభ్యులకు భృతి ఇమ్మని ప్రభుత్వాన్ని అడగడం సబబు. సముద్రతీరంలో వేసవి వేటనిషేధ కాలానికి ఇప్పటికే భృతి ఇస్తున్నప్పుడు, కుందూ ఒడ్డున వల వేసే బెస్తకు అదే హక్కు ఉండకూడదనడానికి కారణం కనిపించదు.