‘బ్యాక్ అవుట్’ – వెనుదీయుట: ఒక అర్థవిచారము

ఆంగ్లమున ‘బ్యాక్ అవుట్’ అను క్రియకు తెలుగున ‘విరమించు’ అని వ్రాయుట పరిపాటియైనది. సులభమే గాని, సమంజసము కాదు. బ్యాక్ అనగా వెనుక, అవుట్ అనగా వెలుపల. ఈ రెండును తెలిసినంతమాత్రమున, ఒప్పుకొని పిదప తొలగుట అను సమష్ట్యర్థము సిద్ధింపదు. మన వ్యాకరణమున దీనికి చేరువైనది శబ్దపల్లవము. ‘మేలుకొను’ అనుచోట మేలును, కొనుటను విడదీసి వెదకువానికి నిద్రలేచుట దొరకదు గదా!

సంస్కృతమున ఈ పనిని ఉపసర్గ చేయును. లోకమున అది ధాతువునకు ముందే నిలువవలెను, ఛందస్సున ధాతువునకు పిమ్మటను, నడుమ వేరుపదములు వచ్చినను ఉండవచ్చునని పాణిని అనుమతించెను (1.4.80–82). కావున క్రియకు పిమ్మట వచ్చు ‘అవుట్’ను చూచి పాఠశాలా విద్యార్థి వింతపడ నక్కరలేదు. ఆత్మనేపదియైన రమ్ ధాతువు ‘వి’ చేరినంతనే పరస్మైపదియై ‘విరమతి’ అగును (1.3.83). దేనినుండి విరామమో దానికి పంచమియని వార్తికము.

అయితే విరామమున దోషస్పర్శ లేదు. సంధ్యవేళ అధ్యయనము విరమించినవాని నెవరును నిందింపరు. ‘వెనుకంజవేయు’ భయమును, ‘వెనుకాడు’ సంకోచమును చెప్పును. ముందుగా మాట యిచ్చిన సంగతి రెండింటను లేదు. ‘మాట తప్పు’ అన్నచో నింద మిక్కుటము. ‘ఒప్పుకొని వెనుదీయు’ అనుటయే యుక్తము. కొల్లేటి ప్రాంతమున నీరు ఉప్పుటేటి గుండ సముద్రమునకు పోగా ‘వరద తీసినది’ అందురు. ఆ ‘తీయుట’యందు తప్పు లేదు, ‘ఒప్పుకొని’ అనునదే తప్పును తెచ్చుచున్నది.

పెద్దింట్లమ్మ వెలసిన కొల్లేటికోట పరిసరములలో ఈ భేదము కేవలము పుస్తకములకు సంబంధించినది కాదు. 1999లో సరస్సు అయిదవ కాంటూరు వరకు అభయారణ్యముగా ప్రకటింపబడినది. 2006లో ప్రభుత్వము చేపల చెరువుల గట్లను తెంపించెను. అట్లు చెరువు పోయినవాడు వెనుదీసినవాడా? కాడు. అతడు నివృత్తుడు కాడు, నివర్తితుడు. నడుమనున్న ణిచ్ ప్రత్యయమును మరువరాదు. చెరువు లీజు పత్రమున ‘బ్యాక్ అవుట్’ అన్నచోట ‘విరమించిన యెడల’ అని అనువదించినచో, గట్టు తెగి చెరువు కోల్పోయినవాడును, బయానా పుచ్చుకొని మాట మార్చినవాడును ఒకే క్రియకు కర్తలగుదురు. అప్పుడు బయానా ఎవరు తిరిగి యియ్యవలెనను తగవునకు ఆ పత్రమున సమాధానము దొరకదు.