దుబాయ్ తమ్ముడు, ఫ్రీ వీపీఎన్

ఇవాళ పసుపు గురించి రాస్తా అన్నా, అది రేపటికి. మీ ఇంట్లో ఎవరైనా దుబాయ్‌లో ఉంటే ముందు ఇది చదవండి.

మా తమ్ముడు అక్కడే పని చేస్తడు. అక్కడ వాట్సాప్‌లో మెసేజ్ పోతది, ఫోటో పోతది, కాల్ మాత్రం కలవదు. ఆ దేశంలో నెట్ కాల్స్‌కు అనుమతి ఉండాలి, వాట్సాప్ కాల్‌కు లేదు. అమ్మకేమో కొడుకు మొహం కనబడాలె. రూమ్‌లో ఎవరో చెప్తే వాడు ఒక ఫ్రీ వీపీఎన్ వేసుకున్నడు. నన్నూ వేసుకోమన్నడు. ఇక్కడ అడ్డే లేనప్పుడు నాకెందుకు అని అప్పుడే అనుమానమొచ్చి తెలుసుకున్నా.

బావి నీళ్లు కాలువలో పారితే ఏ మడికి పోతున్నయో దారిన పోయేటోడికీ కనిపిస్తది. భూమిలో పైపు వేస్తే? నీళ్లు లోపలికి పోవుడే కనిపిస్తది, ఎక్కడ తేలుతయో తెలవదు. వీపీఎన్ గూడ అంతే. ఫోన్ నుంచి పోయేదానికంతా తాళమేసి వేరే దేశంలోని ఒక కంప్యూటర్‌కు పంపుతది. అది తాళం తీసి, పోవాల్సిన చోటికి పంపుతది. సిమ్ కంపెనీకి ఆ కంప్యూటర్ అడ్రస్ ఒక్కటే కనిపిస్తది. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ పిల్లలు ఇంటి నుంచి ఆఫీసు పని చేసేదీ ఇట్లాంటి దారిలోనే.

మరి పైపు ఎవరిది? సిమ్ కంపెనీకి దాచింది పైపు ఓనరుకు తెలుస్తది, మనం ఎప్పుడు ఎక్కడికి పోయినమో. వాట్సాప్ మాటలకు వేరే తాళం ఉంది కాబట్టి వినలేడు, అది నయం. కానీ ఫ్రీగా ఇచ్చేటోడికి ఖర్చులు ఎట్ల ఎల్లుతయి? హోలా అనే ఫ్రీ వీపీఎన్ తన్ను వాడుకునేవాళ్ల నెట్‌నే వేరేవాళ్లకు అమ్ముకుంటోందని 2015లో బయటపడ్డది. మన మోటరు, మన కరెంటు, నీళ్లు ఇంకొకరికి!

చట్టం సంగతి ఇంకా గట్టిది. అక్కడ కంపెనీలు, బ్యాంకులు పనికి వీపీఎన్ వాడుకోవచ్చు. దాని చాటున నేరం చేస్తే మాత్రం జరిమానా 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హాములు. తక్కువలో తక్కువ కోటి రూపాయలు దాటుతది. ఆపేసిన కాల్ చేసుకునుడు నేరమా కాదా అని తేల్చేది అక్కడోళ్లు, మనం కాదు. మాకున్న రెండెకరాలు అమ్మినా తీరేది కాదు.

తమ్ముడు దాన్ని తీసేసి, అక్కడ అనుమతి ఉన్న బోటిమ్ వేసుకున్నడు, నెలకు పైసలు కట్టి. ఆదివారం రాత్రి అమ్మ ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనించి కూసుంటది. బొమ్మ మధ్యలో ఆగిపోతది. ఆగిన బొమ్మనే చూసుకుంట, "బక్కగైనవ్ కొడుకా" అంటది.