తేటనీటి పాత బాకీ

నీరు తేటగా ఉంటే మంచినీరే అని మా ఇంట్లో తరతరాల నమ్మకం. ముళబాగిలు వైపు మా ఊళ్ళో మా ముత్తాతగారు తవ్వించిన బావి ఒకటి ఉన్నది. అందులో కాసు వేస్తే అడుగున పడిన తరువాత కూడా బొమ్మా బొరుసూ తెలుస్తాయని మా అమ్మగారు చెబుతూంటారు. ఆంధ్రదేశం నుంచి వలస వచ్చిన మా పెద్దలు ఈ గడ్డమీద మొదట చేసిన పని ఆ బావి తవ్వించడమేనట. అందుచేత ఆ నీటిని ఎవరైనా ఒక మాట అంటే మా ఇంటిపేరును అన్నట్లే లెక్క. అటువంటి మేమే ఆ నీటిని సీసాలో పోసుకొని పరీక్షకు తీసుకుపోయాము. అందుకు కారణం ఇంగ్లండులోని ఒక చిన్న ఏరు అంటే చదువరులు నవ్వుతారేమో!

మా మేనకోడలూ ఆమె భర్తా వించెస్టరు అనే ఊళ్ళో ఉద్యోగాలు చేస్తున్నారు. 2024 వేసవిలో ఆమెకు కాన్పు వచ్చింది. మా అక్కగారు కాలం చేసి చాలా ఏళ్ళయింది గనుక, పురుడు చూడడానికి మా ఆవిడ వెళ్ళవలసి వచ్చింది. ఒంటరిగా విమానం ఎక్కనని ఆమె పట్టుపట్టగా, మేమూ మూడు వారాలు సెలవు పెట్టి వెంట వెళ్ళాము.

వెళ్ళిన మర్నాడే బాలింతకు నీళ్ళు కాచబోయి మా ఆవిడ కెటిలు మూత తీసింది. అడుగున తెల్లని పెచ్చు కట్టి ఉన్నది.

“ఇదేమమ్మా, సీమకు వచ్చినా మన బోరునీళ్ళు తప్పలేదా?” అన్నది.

“అది సుద్ద, అత్తయ్యా! ఈ ప్రాంతమంతా సుద్దనేల. కుళాయి నీళ్ళు కూడా ఆ నేలలోంచి వచ్చేవే” అని మేనకోడలు నవ్వింది.

ఆ మాట పట్టుకొని మేము అడగ్గా అడగ్గా తెలిసిన సంగతి ఇది. ఆరున్నర కోట్ల ఏళ్ళకు పైబడిన కాలంలో సముద్రం అడుగున కంటికి కానరాని జీవుల పెంకులు పొరలు పొరలుగా పడి, గట్టిపడి, ఈ సుద్దరాయి అయినది. అది నీటిని పీల్చుకొనే రాయి. చలికాలపు వాన అందులోకి ఇంకి, నేలలోని బొగ్గుపులుసు గాలిని తనతో కలుపుకొని, రాతిని కొంచెం కొంచెం కరిగించుకొంటుంది. కొండ పాదాన ఊటలై పైకి వచ్చేటప్పటికి ఆ నీటిలో సున్నపు అంశం నిండుగా ఉంటుంది. కెటిలులో కాచినప్పుడు ఆ కరిగిన సుద్దే మళ్ళీ పెచ్చుగా తేలుతుంది. ఊటనీరు ఏడాది పొడుగునా 10, 11 డిగ్రీల వద్దనే ఉంటుంది గనుక ఎండాకాలం చల్లగాను, మంచుకాలం వెచ్చగాను తోస్తుంది. ఇటువంటి ఏరులు ప్రపంచం మొత్తంమీద రెండు మూడు వందలకు మించవు. వాటిలో చాలా భాగం ఇంగ్లండులోనే ఉన్నాయి.

వించెస్టరు ఊరి మధ్యగా పారే ఇచెన్ నది అటువంటిదే. చెరిటన్ అనే పల్లె దగ్గర పుట్టి, దాదాపు 45 కిలోమీటర్లు పారి, సౌదాంప్టన్ వద్ద ఉప్పునీటిలో కలుస్తుంది. సాయంత్రాలు మేము దాని గట్టున నడిచేవాళ్ళం. నడుములోతు నీటిలో అడుగునున్న గులకరాళ్ళు లెక్కపెట్టవచ్చును. పచ్చని నీటితీగలు జడల్లాగా ప్రవాహంలో ఊగుతూ, పైన చిన్న చిన్న తెల్లపూలు పూచి ఉన్నాయి. ట్రౌటు చేప ఏటికెదురుగా కదలకుండా నిలబడి ఉంటుంది. మా ఆవిడ చూసి, “అచ్చం మహానంది కోనేరులాగా ఉందండీ!” అని చేతులు జోడించింది.

ఒకనాడు ఒక ముసలాయన మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు తొడుక్కొని ఏటిలో దిగి, కాలితో రాళ్ళు కదిలిస్తూ చిన్న వలలో ఏదో పడుతున్నాడు. మేము ఆఫీసు ఇంగ్లీషులో పలకరించాము. ఆయన నెలకొకసారి వచ్చి నీటిపురుగులను లెక్కపెట్టి పుస్తకంలో రాస్తాడట. జీతం లేదు. నీరు బాగుంటే ఫలానా ఫలానా పురుగులుంటాయి, చెడితే ముందు మాయమయ్యేవీ అవే అన్నాడు. రెక్కలొచ్చిన తరువాత ఒకటి రెండు దినాలే బ్రతికే మేఫ్లై అనే ఈగల పిల్లలను తెల్లని పళ్ళెంలో పోసి చూపించాడు.

“నీరు ఇంత తేటగా ఉన్నది గదా, ఇంకా చెడడమేమిటి?” అని అడిగాము.

ఆయన మాట్లాడకుండా రెండు గాజుగొట్టాలలో ఏటినీరు పట్టి, వేరువేరు మందులు వేశాడు. ఒకటి లేత నీలమూ, ఒకటి గులాబిరంగూ అయినవి. నీలం ఫాస్ఫేటు, గులాబి నైట్రేటు. రెండూ పైరుకు తిండే. “ఈ ఏటికి విషం కంటె తిండి ఎక్కువై జబ్బు చేసింది” అన్నాడాయన.

సుద్దనేల ఊటలో సహజంగా ఫాస్ఫేటు బహు స్వల్పం. లీటరులో మిల్లీగ్రాముకు నూరవ వంతుల లెక్క. ఆ కరువుకే అలవాటుపడిన మొక్కలూ జీవాలూ అక్కడివి. ఊళ్ళ మురుగునీటిలోను, బట్టల సబ్బుపొడిలోను, పొలాల నుంచి కొట్టుకొచ్చిన మట్టిలోను ఫాస్ఫేటు వచ్చి చేరితే ముందు పాచి బలుస్తుంది. రాళ్ళమీద గోధుమరంగు జిగురు కడుతుంది. వెంట్రుకల వంటి నాచు పెరిగి తెల్లపూల తీగను కమ్మేస్తుంది. రాత్రివేళ అదంతా నీటిలోని ప్రాణవాయువును పీల్చుకుంటుంది. గులకరాళ్ళ సందున చేప పెట్టిన గుడ్లకు ఊపిరాడదు. విచిత్రమేమంటే, పాత ఇళ్ళలోని సీసపు గొట్టాల నుంచి సీసం కరగకుండా అక్కడి కుళాయినీటిలో ఫాస్ఫేటు కలుపుతారు. మనిషికి చేసిన ఆ మేలు కూడా చివరకు మురుగు వెంట ఏటిలోనే తేలుతుంది.

అయితే ఫాస్ఫేటుకు మందు ఉన్నది. మురుగు శుభ్రం చేసే చోట ఇనుపలవణం కలిపితే అది ఫాస్ఫేటును పట్టుకొని మడ్డిగా దిగుతుంది. సబ్బుపొడిలో దాని వాడకాన్ని కూడా చట్టం చేసి తగ్గించారు. నైట్రేటు సంగతి వేరు. అది దేనికీ అంటుకోదు, నీటితోపాటు నేలలోకి దిగిపోతుంది. సుద్దరాతిలో ఆ దిగుడు ఏడాదికి సుమారు ఒక మీటరు మాత్రమే! నీటిమట్టం 50 మీటర్ల లోతున ఉన్న చోట, ఒక రైతు పొలంలో మిగిలిన ఎరువు అక్కడికి చేరడానికి 50 ఏళ్ళు పడుతుంది. రెండవ ప్రపంచయుద్ధం తరువాత వాళ్ళు తిండిగింజల కోసం పచ్చికబయళ్ళు దున్ని, బస్తాల కొద్దీ రసాయనపు ఎరువు చల్లారు. ఆ తండ్రులు గతించారు. వారు చల్లినది ఇప్పుడిప్పుడే ఊటల్లో బయటికి వస్తున్నది.

మా ఆఫీసు లెడ్జరులో ప్రతి పుటకూ పైన ‘కిందటి పుట నుంచి తెచ్చినది’ అని ఒక పద్దు ఉంటుంది. దాన్ని కొట్టివేసే అధికారం ఏ గుమాస్తాకూ లేదు. ఆ ఏటిగట్టున నిలబడితే మాకు ఆ పద్దే జ్ఞాపకం వచ్చింది. ఇవాళ ఎరువు చల్లడం పూర్తిగా మానినా ఏరు బాగుపడేది మనుమల కాలానికే. అయినా వాళ్ళు చేతులు ముడుచుకొని కూర్చోలేదు. 2019 నుంచి ఆ ప్రాంతంలో కొత్త ఇళ్ళు కట్టదలచినవారు తమ మురుగు వల్ల దిగువ సముద్రపాయకు నైట్రేటు భారం పెరగదని లెక్క చూపవలసి వస్తున్నది.

తిరిగి వచ్చిన తరువాత ఇదంతా మరచిపోయేవాళ్ళమే. కాని 2025లో మా తమ్ముడికి కొడుకు పుట్టాడు. మరదలికి పాలు చాలక పాలపొడి కలపవలసి వచ్చింది. మా అమ్మగారు బావినీరు తెర్లకాచి ఇస్తూంటే మా ఆవిడ మమ్మల్ని పక్కకు పిలిచి, “ఏమండీ, ఆ ముసలాయన గొట్టంలో వేసిన మందు మన బావినీటిలో వేస్తే ఏమవుతుంది?” అన్నది.

మాకు రాత్రి నిద్ర పట్టలేదు. బావినీటితో కలిపిన పాలపొడి తాగి పసిపిల్లలు నీలంగా మారడాన్ని 1945లో అమెరికాలో ఒక వైద్యుడు మొదట గుర్తించాడు. నైట్రేటు వల్ల రక్తం ప్రాణవాయువును సరిగా మోయలేకపోతుంది. కాచినంత మాత్రాన అది పోదు. నీరు ఇగిరినకొద్దీ చిక్కబడుతుంది కూడా. మన దేశంలో తాగేనీటికి పెట్టిన హద్దు లీటరుకు 45 మిల్లీగ్రాములు. 2017లో 359 జిల్లాల భూగర్భజలాల్లో ఎక్కడో ఒకచోట ఈ హద్దు దాటగా, 2023 నాటికి ఆ జిల్లాలు 440 అయినవని కేంద్ర భూగర్భజల మండలి చెప్పింది. మనం తరాలుగా కాపురముంటున్న కర్ణాటకా తమిళనాడూ అందులో ముందు వరుసలో ఉన్నాయి.

మర్నాడే నీరు పరీక్షకు ఇచ్చాము. హద్దు దాటి ఉన్నదని కాగితం వచ్చింది.

మాది సుద్దనేల కాదు, రాతినేల. ఇక్కడ నీటికి 50 ఏళ్ళ ప్రయాణమేమీ లేదు. బావికి పది గజాల దూరంలో పేడదిబ్బ, దాని అవతల మరుగుదొడ్డి గుంట, ఆ అవతల టమాటా తోట. ఆ తోటకు సెలవుల్లో యూరియా బస్తాలు మోసినవాళ్ళలో మేమూ ఉన్నాము.

అమ్మగారికి చెప్పడమే కష్టమైంది. “మీ తాత ముత్తాతలు ఈ నీళ్ళు తాగి బ్రతకలేదుట్రా?” అన్నారు.

“వాళ్ళ కాలంలో ఈ నీటిలో ఇదంతా లేదమ్మా. మనం పోసిందే” అన్నాము.

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, “అయితే తప్పు బావిది కాదన్నమాట” అని, కర్ర పట్టుకొని లేచి వెళ్ళి, దిబ్బను ఎక్కడికి మార్చవలసిందీ తామే చూపించారు. పసివాడి పాలకు ఊళ్ళోని శుద్ధజల కేంద్రం నుంచి నీరు తెచ్చాము. దాన్నీ పరీక్ష చేయించి, హద్దులో ఉన్నదని తెలిసిన తరువాతనే వాడాము. పెద్దలమూ తాగడానికి ఆ నీరే తెచ్చుకుంటున్నాము. తోటకు ఎరువు ఒక్కసారిగా గుమ్మరించక, పైరుకు కావలసినంతే విడతలుగా వేయడానికి తమ్ముడు ఒప్పుకున్నాడు. స్నానానికీ, గిన్నెలకూ ఇప్పటికీ ముత్తాతగారి బావే.

వానలు వెలిసిన తరువాత మళ్ళీ పరీక్ష చేయించాము. ఇంకా 45 లోపుకు రాలేదు. ఏటేటా చేయిస్తూనే ఉంటాము. తమ ఇళ్ళలో పాత బావో బోరో ఉన్న చదువరులు, ముఖ్యంగా పసిపిల్లలున్నవారు, నీటి తేటను చూచి తృప్తిపడక ఒక్కసారి పరీక్ష చేయించవలసిందని మా మనవి.