అంకెను ఎవరు చెబుతున్నారు?

నవల చదివేటప్పుడు ఈ కథ ఎవరు చెబుతున్నారు, ఎవరి వైపు నుంచి చెబుతున్నారు అని అడగడం సాహిత్య విద్యార్థులకి అలవాటు. స్త్రీల ఉపాధి మీద వచ్చే వ్యాసాల్లోని అంకెల్ని కూడా అలాగే చదవాలని నాకు అనిపిస్తుంటుంది. అంకె కనబడగానే వాదన ముగిసిపోయిందనుకుంటాం. నిజానికి అసలు వాదన మొదలయ్యేది అక్కడే.

కేంద్రప్రభుత్వ శ్రామికశక్తి సర్వే ప్రకారం 15 ఏళ్ళు, ఆ పైబడిన స్త్రీలలో పనిచేస్తున్నవాళ్ళు, పని వెతుక్కుంటున్నవాళ్ళు కలిసి 2017-18లో 23.3 శాతం. 2023-24కి అది 41.7 శాతం అయింది. ఒకరు దీన్ని సాధికారత అని రాస్తారు. మరొకరు ఇల్లు గడవకే స్త్రీలు పనిలోకి వచ్చారని రాస్తారు. ఇద్దరి చేతిలో ఉన్నదీ ఒకే అంకె. కానీ అదే సర్వేలో ఇంకో వరస ఉంది. పనిచేస్తున్న స్త్రీలలో స్వయం ఉపాధి కింద లెక్కకొచ్చేవాళ్ళు అదే కాలంలో 51.9 శాతం నుంచి 67.4 శాతానికి పెరిగారు. ఇంటి పొలంలోనో, కొట్లోనో, మగ్గం దగ్గరో ఏ కూలీ లేకుండా చేసే ఆడవాళ్ళు కూడా ఇందులోనే ఉన్నారు. వాళ్ళకి పని ఉందనడం నిజం. చేతికి డబ్బు వచ్చిందనడానికి మాత్రం ఆ అంకె సాక్ష్యం కాదు.

ఇక లెక్కలోకే రానివాళ్ళున్నారు. ఇంటిపని మాత్రమే చేసేవాళ్ళకి ఈ సర్వేలో 92 అని గుర్తు వేస్తారు. దానితోపాటు ఇంటి అవసరాలకి కట్టెలు ఏరుకొచ్చి, గడ్డి కోసుకొచ్చి, బట్టలు కుట్టేవాళ్ళకి 93. ఇద్దరూ శ్రామికశక్తికి బయటివాళ్ళే.

మాది పోచంపల్లి వైపు చేనేత కుటుంబం. మా అమ్మ ఆసు పోసేది. రంగులద్దే ముందు నూలుపోగుల్ని కొయ్యల చుట్టూ చేత్తో తిప్పుతూ పేర్చడమే ఆసు. ఒక్క చీరెకి చెయ్యి కొన్ని వేలసార్లు అటూ ఇటూ తిరగాలి. వివరాలు రాసుకోవడానికి ఎవరైనా వస్తే జవాబు నాన్నే చెప్పేవాడు. "ఆమె ఇంట్లనే ఉంటది" అనేవాడు. అందులో అబద్ధం చెప్పాలన్న ఉద్దేశం లేదు. మగ్గం మీద కూర్చున్నవాడే నేతగాడని ఊరంతా అనుకునేదే ఆయనా అనేవాడు. ఆ ఒక్క మాటతో అమ్మ రోజంతా చేసిన శ్రమ కాగితం మీద లేకుండా పోయేది. చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం తయారుచేసింది తన తల్లి లక్ష్మి భుజాల నొప్పి చూసి. ఆ నొప్పికి ఏ పట్టికలోనూ గడి లేదు.

అలాగని అంకెల్ని పక్కన పెట్టి అమ్మల కథలే రాసుకుంటే సరిపోదు. ఇలాంటివాళ్ళు ఎందరున్నారని అడిగితే మా అమ్మ కథ జవాబు చెప్పలేదు. 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు ఒక్కరి జ్ఞాపకంతో ఆగలేదు. తెలంగాణ పోరాటంలో ఉన్న స్త్రీలని ఒక్కొక్కరినీ కలిసి, వాళ్ళ మాటల్లోనే నమోదు చేసింది. అలా అనుభవం సాక్ష్యమైంది.

అంకెను సరిగ్గా చదివితే అది కూడా మన పక్షాన మాట్లాడుతుంది. 2019 సమయ వినియోగ సర్వేలో జీతంలేని ఇంటిపనికి స్త్రీలు రోజుకి 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని వచ్చింది. మూడో వంతైనా చేస్తున్నారు కదా అనిపిస్తుంది. కానీ ఆ 97 నిమిషాలు ఆ పని చేసిన మగవాళ్ళ సగటు మాత్రమే. ఆ రోజు ఇంటిపని ముట్టుకున్న పురుషులు 26.1 శాతమే. మగవాళ్ళందరికీ పంచితే తలా 25 నిమిషాలు వస్తాయి. స్త్రీలకి ఇదే లెక్క కడితే 240 నిమిషాలు దాటుతుంది. 2024 సర్వేలో స్త్రీల 299 నిమిషాలు 289 అయ్యాయి. స్త్రీల భారం తగ్గిందని సంతోషించేవాళ్ళు పక్క గడి కూడా చూడాలి. పురుషుల 97 నిమిషాలు కూడా 88కి తగ్గాయి.

అసమానతల గురించి రాసేవాళ్ళు ఒక అంకె ఇచ్చినప్పుడు దాని పక్కన మూడు సంగతులు కూడా రాయాలి. ఆ ప్రశ్న ఎవరిని అడిగారు? దేన్ని పని అన్నారు? సగటు ఎవరి మధ్య కట్టారు? ఇవి లేకుండా అంకె ఇస్తే, ఇంటి యజమాని చెప్పిన జవాబునే మనం ఇంకోసారి అచ్చువేసినట్టవుతుంది.